ఎక్కడివండీ ఈ గాజులు?

మన భాషలో ఒక చమత్కారమైన మాట వుంది. "ఎలా వున్నారండీ?" అని ఎవరైనా అడిగితే "ఆఁ, ఏముందీ, మామూలే" అంటాం. ఆఫీసులో గుమాస్తా చేతిలో పెట్టేదాన్ని కూడా "మామూలు" అనే అంటాం. లంచం అన్న మాటలో కాస్త తప్పు చేస్తున్న వాసనైనా వుంది. మామూలులో అదీ లేదు. పొద్దున్నే వచ్చే పాలపాకెట్టులా, నెలనెలా వచ్చే కరెంటు బిల్లులా అదీ జీవితంలో ఒక భాగం, అంతే!

దీనికి చెల్లెల్లాంటి మాట ఇంకొకటి వుంది. గీతం. పెళ్ళిసంబంధం మాట్లాడుకునే చోట "అబ్బాయి జీతమెంతండీ?" అని మగవాళ్ళు ముందుగదిలో అడుగుతారు. "జీతం సరే, గీతం మాటేమిటి వదినా?" అని వంటింటి గుమ్మం దగ్గర గొంతు తగ్గించి అడిగేది మాత్రం మనమే. అవునంటారా, కాదంటారా? పైసంపాదన బాగా వుందని తెలిస్తే ఆ మధ్యవర్తి మొహం ఎలా వెలిగిపోతుందో, కాఫీలో పంచదార ఎలా ఎక్కువవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మొన్న లోకాయుక్తల గురించి ఏదో చదువుతుంటే నాకు ఆ వంటింటి గుమ్మమే గుర్తొచ్చింది. మనం ఆశగా, గుసగుసగా అడిగే ప్రశ్ననే ఆయన బాహాటంగా, సంజాయిషీ కోరుతూ అడుగుతాడు. "అయ్యా, మీ జీతం ఇంత కదా! మరి ఇదంతా ఎక్కడిది?"

ఈ ప్రశ్న అడగడానికని ఒక మనిషిని ప్రత్యేకంగా నియమించుకోవడం స్వీడన్ దేశంలో మొదలైంది. అక్కడి పన్నెండో చార్లెస్ రాజు 1709లో పోల్టావా దగ్గర రష్యావాళ్ళ చేతిలో ఓడిపోయి, టర్కీ సుల్తాను పంచన చేరి, ఏళ్ళ తరబడి అక్కడే వుండిపోయాడు. యజమాని దూరదేశంలో వుంటే ఇంట్లో వ్యవహారం ఎలా నడుస్తుందో మనకి ఒకరు చెప్పాలా! తన అధికారులు ఏం చేస్తున్నారో కనిపెట్టి చూడమని 1713లో ఆయన తన తరఫున ఒక మనిషిని పెట్టాడు. వాళ్ళ భాషలో 'అంబుడ్స్‌మన్' అంటే ఒకరి తరఫున నిలబడే ప్రతినిధి అని అర్థమట. సుమారు నూరేళ్ళు గడిచాక, 1809లో, పార్లమెంటు కూడా తన తరఫున అలాంటి మనిషిని పెట్టుకునే ఏర్పాటు వచ్చింది. రాజుగారి తరఫున చూసే కళ్ళు ప్రజల తరఫున చూడడం మొదలుపెట్టాయి.

మన దేశంలో దానికి లోక్‌పాల్, లోకాయుక్త అని చక్కటి పేర్లు పెట్టినవారు ఎల్.ఎం. సింఘ్వీ గారు, 1963లో. 1966లో మొరార్జీ దేశాయ్ గారి అధ్యక్షతన పరిపాలనా సంస్కరణల సంఘం ఈ పదవులు వుండి తీరాలన్నది. కేంద్రంలో లోక్‌పాల్ బిల్లు మొదటిసారి 1968లో వచ్చింది. అది చట్టమయ్యేసరికి 2013 అయ్యింది! ఆ బిల్లు పెట్టిన ఏడు పుట్టిన ఆడపిల్ల ఈలోగా పెరిగి పెద్దదై పెళ్ళిచేసుకుని కూతురికి పెళ్ళి కూడా చేసి వుంటుంది. అంతకన్నా రాష్ట్రాలే నయం. ఒరిస్సా 1970లో చట్టం చేసింది. మహారాష్ట్ర 1971లో చట్టం చేసి, అందరికన్నా ముందుగా లోకాయుక్తను కుర్చీలో కూర్చోబెట్టింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి అయిన 1983లోనే ఈ చట్టం వచ్చింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన ఆవుల సాంబశివరావు గారి వంటివారు లోకాయుక్తగా పనిచేశారు. ('ఆయన' అనే రాస్తూ వస్తున్నాను, గమనించారా? ఆ కుర్చీలో ఆడవాళ్ళు అరుదు. 2015లో ఢిల్లీ లోకాయుక్తగా జస్టిస్ రేవా ఖేత్రపాల్ గారు వచ్చారని చదివినప్పుడు నాకు మహా సంతోషమేసింది.)

ఇంతకీ ఈయనేం చేస్తాడు? ఎవరైనా ఫిర్యాదు రాసి, అందులోవన్నీ నిజమేనని ప్రమాణపత్రం జతచేసి పంపిస్తే, ఫైళ్ళు తెప్పించుకుంటాడు. సాక్షుల్ని పిలిపిస్తాడు. అధికారిని ఎదుట నిలబెట్టి అడుగుతాడు. తరువాత? తరువాత ఒక నివేదిక రాసి ప్రభుత్వానికి పంపుతాడు. జైల్లో పెట్టడం, ఉద్యోగం తీసెయ్యడం ఆయన చేతుల్లో లేదు. ఇంట్లో పెద్ద అత్తగారి మాటలాంటిదన్నమాట. కొడుకు వింటే శాసనం, వినకపోతే సణుగుడు.

అందుకే చాలామంది "కోరలు లేని పాము" అని చులకన చేస్తారు. ఆ మాట పూర్తిగా నిజమని నేననుకోను. పక్క రాష్ట్రం కర్ణాటకనే చూడండి. అక్కడ 2001 నుంచి 2006 వరకు లోకాయుక్తగా వున్న జస్టిస్ వెంకటాచల గారు చెప్పాపెట్టకుండా ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి, ఆఫీసుల్లోకి వెళ్ళి నిలబడేవారు. ఆయన వస్తున్నారంటే చాలు, సీట్లలో మనుషులుండేవారు! ఆయన తరువాత వచ్చిన జస్టిస్ సంతోష్ హెగ్డే గారు బళ్ళారి ఇనుప ఖనిజం వ్యవహారం పట్టుకున్నారు. బళ్ళారి అంటే మన అనంతపురానికి గోడపక్క ఇల్లే కదా. ఆ ఎర్రదుమ్ము ఇటూ పడింది. అక్రమ తవ్వకాలవల్ల ప్రభుత్వానికి 16 వేల కోట్ల రూపాయల పైచిలుకు నష్టం వచ్చిందని 2011 జూలై నెలాఖరులో ఆయన నివేదిక ఇచ్చారు. నాలుగు రోజులు తిరక్కుండా ముఖ్యమంత్రి ఎడియూరప్ప గారు పదవి వదులుకోవలసి వచ్చింది. తరువాత కోర్టులో నడిచిన గనుల ముడుపుల కేసులో 2016లో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు, అది వేరే సంగతి. నేను చెప్పదలచుకున్నదేమిటంటే, శిక్ష వెయ్యలేని ఒక రిటైరైన పెద్దమనిషి రాసిన కాగితాల కట్ట ముఖ్యమంత్రిని కుర్చీలోంచి లేపింది. అడగడానికి ఆ మాత్రం బలం వుంది.

బలం వుంది కాబట్టే ఆ నోరు నొక్కడానికి కూడా ప్రయత్నాలు జరుగుతూ వుంటాయి. కేరళలో 2021 ఏప్రిల్‌లో ఒక మంత్రిగారు తన బంధువుకి ప్రభుత్వ సంస్థలో వుద్యోగం ఇప్పించుకున్న విషయంలో లోకాయుక్త తప్పుపడితే, నాలుగు రోజుల్లో ఆయన రాజీనామా చెయ్యవలసి వచ్చింది. మరుసటి ఏడే అక్కడి ప్రభుత్వం ఆ సెక్షన్‌ని మార్చేసింది. ఆ మార్పుకి 2024లో రాష్ట్రపతి ఆమోదం కూడా దొరికింది. ఇప్పుడు లోకాయుక్త చెప్పినంతమాత్రాన మంత్రి దిగనక్కర్లేదు. ఆ మాట వినాలో వద్దో ముఖ్యమంత్రి చూసుకుంటాడు. కర్ణాటకలో 2016లో లోకాయుక్త పోలీసుల అధికారాలు తీసి వేరే శాఖకిచ్చారు. 2022లో హైకోర్టు ఆ శాఖను రద్దుచేసి వాటిని మళ్ళీ ఇప్పించింది. కంచే చేను మేసిన సంగతీ దాచిపెట్టనక్కర్లేదు. 2015లో ఆ కర్ణాటక లోకాయుక్త ఆఫీసు పేరు చెప్పే అధికారులను బెదిరించి డబ్బు గుంజుతున్నారన్న ఆరోపణ వచ్చి, లోకాయుక్త కొడుకే అరెస్టయ్యాడు. ఆ ఏడు చివరికి తండ్రి రాజీనామా చేశారు. ఇక మనం? ఇంకా సుఖమైన పద్ధతి కనిపెట్టాం. 2017లో అప్పటి లోకాయుక్త గారి పదవీకాలం ముగిశాక దాదాపు రెండేళ్ళపాటు ఆ కుర్చీ ఖాళీగానే వుంచాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌కి ఒకరు, తెలంగాణాకి ఒకరు వచ్చారు. అడిగేవాడే లేకపోతే జవాబు చెప్పే బాధే లేదు కదా!

ఇదంతా పేపర్లో వచ్చే విషయమే. మగవాళ్ళు కాఫీ తాగుతూ చదివి, "దేశం ఎటుపోతోందో" అని నిట్టూర్చి, పేపరు మడిచి పడేస్తారు. నన్ను ఆపేసింది మాత్రం కర్ణాటక చట్టంలోని 22వ సెక్షన్. దాని ప్రకారం ఎమ్మెల్యేలు, మంత్రులు ఏటా జూన్ 30 లోపల తమ ఆస్తుల, అప్పుల లెక్క లోకాయుక్తకు రాసి ఇవ్వాలి. తమది ఒక్కటే కాదు, తమ కుటుంబ సభ్యులది కూడా. కుటుంబమంటే ముందు ఎవరు? భార్యే కదా. అంటే ఆవిడ వడ్డాణం, పుట్టింటివారు పెట్టిన చంద్రహారం, మొన్న శ్రావణ శుక్రవారానికి కొన్న కాసులపేరు, అన్నీ ఆ కాగితంలోకి రావాలి. లోకాయుక్తగారి ప్రశ్న ఆఫీసు దాటి, ముందుగది దాటి, బీరువాలో లాకరుదాకా వచ్చిందన్నమాట.

ఇక్కడే నాకు వాల్మీకి కథ గుర్తొస్తుంది. మునికాక ముందు ఆయన దారులు కొట్టి పెళ్ళాం బిడ్డల్ని పోషించేవాడని చెబుతారు. "నీ సంపాదన పంచుకునేవాళ్ళు నీ పాపం కూడా పంచుకుంటారేమో ఇంటికెళ్ళి అడిగిరా నాయనా" అన్నారు మునులు. వెళ్ళి అడిగాడు. "మమ్మల్ని పోషించడం నీ ధర్మం. అది ఎలా చేస్తావన్నది నీ ఇష్టం. నీ పాపం నీదే" అంది ఆ ఇల్లాలు. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా ఆవిడమీద నాకు కోపం వచ్చేది. పెద్దయ్యాక ఆవిడ మాటలో న్యాయమూ కనిపించింది. మొదటిసారి కత్తి పట్టుకుని అడవికి వెళ్ళేముందు ఆవిడ సలహా ఏమైనా అడిగాడా ఆయన? లాభంలో వాటా ఇచ్చినవాడు నిర్ణయంలో ఇచ్చాడా? లేదే! మరి పాపంలో మాత్రం వాటా ఎందుకూ?

కానీ ఇంకో ప్రశ్న కూడా వుంది. అన్నేళ్ళూ ఆవిడ ఒక్కసారైనా అడిగిందా? వేటకని వెళ్ళినవాడు జింకను తేవలసిందిపోయి పట్టుచీర ఎలా తెస్తున్నాడని?

కలియుగంలో ఆవిడ జవాబు చెల్లదు. సుప్రీంకోర్టు 1999లోనే ఆ సంగతి తేల్చింది. తమిళనాడు నుంచి వచ్చిన కేసు అది. ఆదాయానికి మించిన ఆస్తి కూడబెట్టిన నేరం ఉద్యోగిదే అయినా, అందుకు పురికొల్పినవాళ్ళూ, ఆ డబ్బుని తమ పేరిట దాచిపెట్టినవాళ్ళూ కూడా విచారణకు నిలబడాలని చెప్పింది. దానికి న్యాయమూర్తులు చెప్పిన ఉదాహరణ చూస్తే మీరు నవ్వుకుంటారు. తోటి ఉద్యోగులు లంచాలు పుచ్చుకుని ఎంత బాగుపడ్డారో దగ్గర బంధువు ఒకరు చెప్పి, "నువ్వూ అలాగే చెయ్యి" అని ఎక్కించారనుకోండి, ఆ బంధువూ నేరస్తుడేనట. "పక్కింటాయన్ని చూసైనా నేర్చుకోండి! మీతోపాటు చేరినవాడు, మూడంతస్తులు లేపాడు" అన్న మాట ఎన్ని వంటిళ్ళలో వినపడలేదూ! ఆ దేవాలయంలాంటి కోర్టులో నల్లకోట్లు వేసుకున్న పెద్దలకి మన వంటింటి సంభాషణ ఎలా తెలిసిందో అని ఆశ్చర్యపోయాను నేను.

పురికొల్పేవాళ్ళ సంగతి తేలికే. వాళ్ళకి నా సానుభూతి లేదు. తేలనిది మిగతావాళ్ళ సంగతి.

మా వీధిలో ఒకప్పుడు ఒక ఇంజనీరుగారి కుటుంబం వుండేది. ఆవిడ చాలా నెమ్మదైన మనిషి. ఉగాది పచ్చడి వీధిలో అందరికీ పంచేది. ఒకరోజు తెల్లవారకముందే జీపులొచ్చాయి. అవినీతి నిరోధక శాఖవాళ్ళు ఇల్లంతా సోదా చేశారు. చాలా రోజుల తరువాత ఆవిడే ఆ సంగతులు నాతో చెప్పింది. బీరువా తాళాలు పుచ్చుకుని, ఒక్కొక్క వస్తువూ తీసి, తూచి, కాగితంమీద రాసుకున్నారట. ఆ వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి, కూతురు వయసున్నది, "ఎక్కడివండీ ఈ గాజులు?" అని అడిగిందట.

"పదహారు గాజులండీ. నాలుగు మా అమ్మ పెట్టినవి. రెండు చీటీ పాడుకుని నేను కొనుక్కున్నవి. మిగతా పదీ ఆయన తెచ్చినవి. ఏరోజు తెచ్చారో గుర్తుంది. ఆరోజు నేను ఏ చీర కట్టుకున్నానో గుర్తుంది. డబ్బు ఎక్కడిదో మాత్రం ఎప్పుడూ అడగలేదు" అంది.

ఊరవతల తన పేరిట వెయ్యి గజాల స్థలం వుందని కూడా ఆవిడకి ఆరోజే తెలిసిందిట. ఎప్పుడో ఆయన "ఇక్కడ సంతకం పెట్టు" అంటే, పొయ్యిమీద పాలు పొంగుతున్నాయని పరుగున వచ్చి పెట్టేసి వెళ్ళింది. అటువంటి సంతకాలు పెట్టని ఇల్లాలు మనలో ఎందరు చెప్పండి?

ఆవిడ దోషా, కాదా? ఆ స్థలం విషయంలో కాదనే అంటాను. చదవకుండా సంతకం పెట్టడం అమాయకత్వం, పెట్టించడం అన్యాయం. పేరు ఆవిడది, భోగం ఆవిడది కాదు. గొడవొచ్చినప్పుడు కోర్టు గుమ్మం ఎక్కడం మాత్రం ఆవిడకి మిగిలింది. కానీ గాజుల విషయంలో నాకు మనసు అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఇంటిఖర్చు పైసాలతో సహా పద్దు రాసుకునే మనిషి ఆవిడ. కూరలవాడు పది రూపాయలు ఎక్కువ చెబితే గేటుదాకా వెళ్ళి బేరమాడేది. ఆయన జీతం ఎంతో ఆవిడకి తెలుసు, బంగారం ధర ఎంతో తెలుసు. ఆ రెంటినీ కలిపి లెక్కవెయ్యడం చేతకాదా? చేతనవును. వెయ్యదలచుకోలేదు. తెలియకపోవడం వేరు, తెలుసుకోకుండా జాగ్రత్తపడడం వేరు. గాంధారి కళ్ళకు గంతలు కట్టుకున్నది భర్తమీది గౌరవంతోనే కావచ్చు. నూరుగురు కొడుకులు ఏం చేస్తున్నారో చూడకుండా వుండడానికి కూడా ఆ గుడ్డే పనికొచ్చింది కదా!

మన చేత్తో ఇచ్చే లంచాల సంగతీ ఇలాంటిదే. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక ఇచ్చినవాళ్ళు కూడా నేరస్తులే. ఇవ్వక తప్పని పరిస్థితిలో ఇచ్చామంటే, ఏడు రోజుల్లోగా పోలీసులకో సంబంధిత అధికారులకో చెప్పుకోవాలి. పిల్లాడి బర్త్ సర్టిఫికెట్‌కి ఐదువందలు ఇచ్చి, ఏడు రోజుల్లో వెళ్ళి ఫిర్యాదు చేసిన తల్లిని నేనింతవరకు చూడలేదు. ఆ డబ్బుని పద్దులో "ఇతర ఖర్చులు" అని రాసేసుకుంటాం. లోకాయుక్తకు రాయాలన్నా పేరు, ఊరు, సంతకం పెట్టి, ప్రమాణం చేసి రాయాలి. నిజానికి ఆయన చూసేవి కోట్ల కుంభకోణాలే కాదు. ఆగిపోయిన పింఛను, కదలని పట్టాదారు కాగితం, జవాబు రాని అర్జీ, ఇవీ ఆయన గుమ్మంలోకే వెళతాయి. "ఈ ఫైలు ఎందుకాగింది?" అని అక్కడినుంచి ఒక ఉత్తరం వస్తే, ఏళ్ళ తరబడి కదలని కాగితం కదిలే సందర్భాలూ వుంటాయి. అయితే ఆ ఉత్తరం పుట్టాలంటే ముందు ఇటునుంచి ఒకరు రాయాలి. అడిగే కుర్చీని సర్కారు ఖాళీగా వుంచిందని కోప్పడుతున్నాం గదా, మన ఇంట్లో వున్న అలాంటి కుర్చీ ఎన్నాళ్ళబట్టి ఖాళీగా వుందో మరి!

ఈ మాటలన్నీ మా పెద్దక్కయ్య దగ్గర అన్నాను. అక్కయ్య పెన్నుతో రాయదుగానీ మనుషుల్ని చదవడంలో నాకన్నా దిట్ట. ఆవకాయకి మెంతులు వేయిస్తూ అంతా విన్నది.

"బాగానే వుందే. ఆయన్ని అడగాలి. అడిగితే ఏమంటాడు? 'నీకెందుకు, నీకు తిండికి లోటు చేశానా?' అంటాడు. రెండోసారి అడిగితే నెలరోజులు మాట్లాడడు. మూడోసారి అడిగితే పుట్టింటికి ఫో అంటాడు. పుట్టింట్లో నాన్న వుంటాడా? అన్నయ్య రానిస్తాడా? పిల్లల ఫీజులెవరు కడతారు?" అంది.

"మరి ఆ లోకాయుక్తకు మాత్రం ఎవరి అండ వుందే అక్కయ్యా? ఆయన అడిగినప్పుడు కూడా ప్రభుత్వానికి కోపమే వచ్చింది కదా!" అన్నాను.

"ఆయనకి పింఛనుందే" అంది అక్కయ్య. "ఆయన ఒకప్పుడు జడ్జీ. వాళ్ళు వద్దంటే కండువా దులుపుకుని ఇంటికెళ్ళిపోతాడు. నువ్వూ అంతే. నవలలు రాస్తావు, నీ డబ్బు నీకొస్తుంది, నీకు అడగడం తేలిక. మీ వీధిలో ఆవిడకి ఏముందీ? ఆ పదహారు గాజులే కదా! అందులో పది పోయాయిప్పుడు."

మెంతులు మాడుతున్నాయని అక్కయ్య మూకుడు దించేసింది. ఆడపిల్లకి సొంత జీతం వుండాలని నేను ఇరవయ్యేళ్ళుగా కథల్లో రాస్తున్నాను. అది ఇందుకు కూడా పనికొస్తుందని నాకెప్పుడూ తోచలేదు. అయినా జీతం లేని ఆ ఇంజనీరుగారి భార్య అడిగి వుండవలసిందా, వుండకూడదా అంటే, అక్కయ్యకి చెప్పగలిగిన జవాబు నా దగ్గర ఇంకా లేదు.